బరువు తగ్గుతూ నట్స్ తినొచ్చా? లెక్క ఎక్కడ తప్పుతోందంటే

మీరు రాసింది ఇదీ: వయసు ముప్పై అయిదు, బరువు 74 కిలోలు, మియాపూర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు. అన్నం తగ్గించి, రోజూ నలభై నిమిషాలు నడిచి మొదటి రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గారు. తర్వాత ఎవరో చెప్తే నట్స్ మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆరు వారాలుగా బరువు కదలడం లేదు. ఇంట్లో అత్తగారు జీడిపప్పు తింటే లావెక్కుతావని అంటున్నారు. ఆఫీసులో స్నేహితురాలేమో అందులో ఉన్నది మంచి కొవ్వు, ఎంత తిన్నా ఏం కాదంటోంది. నట్స్ మానేయాలా, కొనసాగించాలా అని అడిగారు.

మానక్కర్లేదండి. కానీ మీరు తింటున్న పద్ధతి మాత్రం మార్చాలి. మీరు నట్స్‌ని ఉన్న తిండి మీద అదనంగా వేసుకున్నారు. వేరేదేదో తీసేసి ఆ స్థానంలో పెట్టుకోలేదు. ముల్లు ఆగిపోయింది అందుకే. మీ స్నేహితురాలు చెప్పిన మంచి కొవ్వు మాట నిజమే, తప్పంతా "ఎంత తిన్నా" దగ్గరే ఉంది. మంచి కొవ్వైనా, డాల్డా అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే.

మీ రోజును లెక్కేసి చూద్దాం. ఉదయం లేవగానే నానబెట్టిన బాదం పది, అక్రోట్లు నాలుగు అన్నారు. ఒక బాదం గింజ సుమారు 1.2 గ్రాములు, ఏడు కేలరీలు. పదికి 70. ఒక పూర్తి అక్రోట్ పప్పు, అంటే రెండు చెక్కలు కలిపి, నాలుగు గ్రాములు ఉంటుంది. నాలుగు తింటే 16 గ్రాములు, 105 కేలరీలు. పదకొండు గంటలకు ఆఫీసులో కిస్‌మిస్‌తో కలిపిన డ్రై ఫ్రూట్ మిక్స్ ఒక గుప్పెడు. గుప్పెడంటే పెద్దవాళ్ల చేతిలో తేలిగ్గా 40 గ్రాములు పడుతుంది, అది 190. సాయంత్రం వేయించిన జీడిపప్పు ఇంకో చిన్న గుప్పెడు, 30 గ్రాములు అనుకున్నా 170. మొత్తం 535 కేలరీలు.

ఇప్పుడు మొదటి రెండు నెలల సంగతి చూడండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. మీరు తగ్గిన మూడు కిలోలూ కొవ్వే అనుకుంటే 23,000 పైచిలుకు. అరవై రోజులకు పంచితే రోజుకు 385. అంత కష్టపడి మీరు రోజూ మిగుల్చుకున్నది 385, ఆ తర్వాత నట్స్ రూపంలో లోపలికి వచ్చింది 535.

అలాగైతే బరువు పెరగాలి కదా, ఎందుకు పెరగలేదు అని మీకు వెంటనే అనుమానం రావాలి. నట్స్ విషయంలో తెలుసుకోవాల్సిన అసలు సంగతి అక్కడే ఉంది.

బాదం పప్పును కొరికి చూడండి. వంద గ్రాముల బాదంలో యాభై గ్రాములు నూనే, అయినా చేతికి జిడ్డు అంటదు. ఎందుకంటే ఆ నూనె సూక్ష్మమైన కణాల్లో, గట్టి పీచు గోడల మధ్య బందీగా ఉంటుంది. పళ్లతో నమిలినప్పుడు ఆ గోడల్లో కొన్నే పగులుతాయి. మిగతావి పగలకుండానే పేగుల్లోంచి బయటికి పోతాయి, లోపలి నూనెతో సహా. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషులకు బాదం పెట్టి, శరీరానికి నిజంగా అందిన శక్తిని కొలిచి 2012లో ప్రచురించారు. 28 గ్రాముల బాదానికి పాత లెక్క ప్రకారం దాదాపు 170 కేలరీలు రావాలి, వచ్చింది 129. అక్రోట్‌లో ఈ తేడా సుమారు 21 శాతం, జీడిపప్పులో 16 శాతం, పిస్తాలో 5 శాతమే.

అదే వరుసలో 2016లో ఇంకో కొలత వచ్చింది. ఇది మన వంటింటికి బాగా పనికొస్తుంది. పచ్చి బాదం గింజను అలాగే తింటే గ్రాముకు 4.4 కేలరీలు అందాయి. వేయించిన గింజకు 4.9. ముక్కలు చేసి వేయిస్తే 5. మెత్తగా నూరి వెన్నలా చేస్తే మాత్రం 6.5. గింజ అదే, నూరేసరికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మిక్సీ బ్లేడు మన పళ్లు చెయ్యలేని పని చేసి, గోడలన్నీ పగలగొట్టి నూనెను చేతికిస్తుంది. కాబట్టి పాలల్లో కలుపుకునే బాదం పొడి, పీనట్ బటర్, జీడిపప్పు పేస్టు వేసిన గ్రేవీ, ఇవేవీ గింజ నమిలి తినడంతో సమానం కావు. నమలడం అంటే హడావిడిగా రెండు కొరుకులు కొరికి మింగడమూ కాదు, గింజలు గింజలుగా మింగితే కడుపుబ్బరం తప్ప ఆకలి తీరదు. మెల్లగా, మెత్తబడేదాకా నమలండి. తినడానికి పట్టే టైమే సగం ఆకలి తీరుస్తుంది.

రెండో కారణం ఆకలి. కొవ్వు, పీచు, ప్రోటీను మూడూ ఉన్న తిండి తింటే తర్వాతి పూట మనకు తెలియకుండానే కొంచెం తక్కువ తింటాం. మీరూ మధ్యాహ్నం ఒక చపాతీ తగ్గించే ఉంటారు. అరగనిది కొంత, మీరు తగ్గించుకున్నది కొంత పోగా మిగిలింది మీ 385తో సరిపోయింది. అందుకే పెరగలేదు, తగ్గలేదు. స్పెయిన్‌లో 55 ఏళ్లు దాటిన ఏడువేల పైచిలుకు మందితో చేసిన పెద్ద అధ్యయనంలో ఒక వర్గానికి రోజూ 30 గ్రాముల నట్స్ ఇచ్చారు, 15 గ్రాములు అక్రోట్, మిగతా సగం బాదం, హేజెల్‌నట్. ఏళ్ల తరబడి తిన్నా వాళ్ల బరువు పెరగలేదు. నట్స్ తింటే లావెక్కుతారనే భయానికి అది గట్టి జవాబు. అయితే అక్కడ ఇచ్చింది తూచిన 30 గ్రాములు, మీరు తింటున్నది తూచని వంద గ్రాములు.

ఈ అరగని భాగం ఉంది కదా అని మీ రోజువారీ లెక్కలోంచి దాన్ని తీసేయకండి. పాకెట్ మీద ఉన్న కేలరీలే రాసుకోండి. ఎక్కడో నాలుగు గింజలు లెక్క తప్పినప్పుడు ఆ తేడా మిమ్మల్ని కాపాడుతుంది.

మీ లిస్టులో మీరు రాయని నట్స్ గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఉంటూ బరువు తగ్గాలనుకునేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. టిఫిన్‌కి ఇడ్లీ, పల్లీ చట్నీ అన్నారు. నలుగురికి చట్నీ అంటే మామూలుగా వంద గ్రాముల పల్లీలు పడతాయి. అవి 567 కేలరీలు. పోపుకి ఒక పెద్ద చెంచా నూనె, 120. మొత్తం 690 దాకా, మనిషికి 170. మూడు ఇడ్లీలు కలిపి దాదాపు అంతే ఉంటాయి. అంటే మీరు తిన్న టిఫిన్‌లో సగం చట్నీయే. ఇడ్లీ లైట్ కదా అని నాలుగోది మానేసి, చట్నీ మాత్రం రెండోసారి వడ్డించుకుంటాం.

బగారా బైంగన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి. మిర్చీ కా సాలన్‌లోనూ అవే మూడూ, పైన తేలే నూనె వేరే. సర్వపిండిలో పల్లీలు, సకినాల్లో నువ్వులు, పులిహోరలో పల్లీలు, బిర్యానీ మీద, హలీం మీద నేతిలో వేయించిన జీడిపప్పు. ఖుబానీ కా మీఠాలో బాదం. మన వంటలో నట్స్ ఎప్పుడూ ఉన్నాయి. కొత్తగా డబ్బాలో పెట్టుకుని విడిగా తినడం మొదలుపెట్టినప్పుడు పాతవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీకు నేను పెట్టే మొదటి నియమం ఇదే: ఆ రోజు టిఫిన్‌లో పల్లీ చట్నీ ఉంటే మీ నట్స్ కోటాలో సగానికి పైగా అయిపోయినట్టే.

చట్నీ మానమని చెప్పను, మానలేరు కూడా. పల్లీలు 40 గ్రాములకు దించండి, పుట్నాలు 15 గ్రాములు వేయండి, రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ మగ్గించి కలపండి. టమాటా బదులు బీరపొట్టు, సొరకాయ ముక్కలు కూడా బాగుంటాయి. పోపుకి ఒక చిన్న చెంచా నూనె చాలు. ఇప్పుడు మొత్తం 400 లోపే, మనిషికి వంద లోపే. చింతపండు, పచ్చిమిర్చి, వెల్లుల్లి మీ ఇంటి పాళ్లలోనే వేసుకోండి. ఇలా చేసేటప్పుడు టమాటాలో నీరు పూర్తిగా ఇగరనివ్వాలి, లేకపోతే చట్నీ నీళ్లోడి, రుచి లేదని మర్నాడు మళ్లీ వంద గ్రాముల పల్లీలకే వెళ్తారు.

ఇక మీరు ఎంత తినాలి? మీ బరువుకి, మీరు పెట్టుకున్న లక్ష్యానికి రోజుకు 20 నుంచి 25 గ్రాములు. చట్నీ ఉన్న రోజు పది. గింజల్లో చెప్పాలంటే బాదం ఒక్కటే తింటే 18 నుంచి 20. అక్రోట్ ఒక్కటే అయితే అయిదు పూర్తి పప్పులు, ఆరు దాటొద్దు. పిస్తా గింజ చిన్నది కాబట్టి పొట్టు తీసినవి నలభై దాకా. పల్లీలైతే పొట్టు తీసినవి రెండు పెద్ద చెంచాల పైన కొద్దిగా.

జీడిపప్పుకి మాత్రం గింజల లెక్క చెప్పడం కష్టం, కారణం దాని సైజులే. దుకాణంలో డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి ఉంటుంది చూడండి. అది ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. 320 రకంలో ఒక్కో గింజ ఒకటిన్నర గ్రాముల లోపు, 180 రకంలో రెండున్నర గ్రాముల పైనే. అవే పది గింజలు ఒకదాంట్లో 80 కేలరీలు, ఇంకోదాంట్లో 140. పండక్కి గిఫ్టు బాక్సుల్లో వచ్చేవి సాధారణంగా పెద్ద రకం. అందుకే "రోజుకు పది జీడిపప్పులు" అనే సలహా ఎవరిచ్చినా, ఏ పది అని అడగండి.

మీకు కావాల్సిన సామాను ఒక్కటే, గ్రాములు చూపించే వంటింటి త్రాసు. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఆదివారం పొద్దున పావుగంట కేటాయించండి. చిన్న మూతల డబ్బాలు ఏడు తీసుకోండి. త్రాసు మీద ఖాళీ డబ్బా పెట్టి, సున్నా బటన్ నొక్కి, బాదం 10 గ్రాములు, అక్రోట్ 8, పిస్తాగానీ పల్లీలుగానీ 5 వేయండి. 23 గ్రాములు, 140 కేలరీల దరిదాపు. ఏడూ నింపి మూత పెట్టి, పెద్ద డబ్బాను అటక మీదికో, చేతికందని అరలోకో పంపండి. డైనింగ్ టేబుల్ మీద గాజు సీసాలో జీడిపప్పు పెట్టుకుని రోజుకు అయిదే తింటాననుకుంటే జరగదు. అటు వెళ్తూ రెండు, ఇటు వస్తూ రెండు. అది మీ మనోబలం లోపం కాదు, కంటికి కనిపించే తిండి విషయంలో అందరూ అంతే.

తూచేటప్పుడు పొడి గింజలనే తూచండి. నానిన బాదం నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అప్పుడు తూస్తే గ్రాములు ఎక్కువ చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇంతకీ నానబెట్టినంత మాత్రాన కేలరీలు తగ్గవు. మెత్తబడుతుంది, కొందరికి తేలిగ్గా అరుగుతుంది, అంతే. పొట్టు తీసి పారేయడం ఎందుకో నాకు అర్థం కాదు, అందులోనూ పీచు ఉంది. పొట్టు గొంతుకు అడ్డం పడుతుందనుకుంటే తప్ప తియ్యకండి.

పిస్తా గురించి ఒక మంచి మాట. పెంకుతో ఉన్నవే కొనండి. ఒక్కొక్కటీ విప్పుకుంటూ తింటే చెయ్యి నెమ్మదిస్తుంది, పక్కనే పోగుపడే పెంకులు ఎన్ని తిన్నారో కళ్లముందు చూపిస్తాయి. పెంకుతో తూచేటప్పుడు బరువులో దాదాపు సగం పెంకేనని గుర్తుంచుకోండి. సీజన్‌లో కాయలతో ఉడకబెట్టి అమ్మే పల్లీలదీ ఇదే గుణం. పైగా ఉడికినవాటిలో నీరుంటుంది కాబట్టి వంద గ్రాములకు 320 కేలరీల లోపే, వేయించినవాటిలో సగం కంటే కొంచెం ఎక్కువ. సాయంత్రం వాన పడుతుంటే బజ్జీల బదులు అవి ఒక కప్పు ఒలుచుకు తినండి, నట్స్‌లో అంతకంటే మంచి స్నాక్ మన ఊళ్లో లేదు.

ఇప్పుడు అసలు పని, దేన్ని తీసి వీటిని పెట్టాలి? మీరు రాసినదాంట్లో నాలుగు గంటలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు రెండు మూడు ఉన్నాయి. ఆ బిస్కెట్లలో మైదా, చక్కెర, కొవ్వు తప్ప ఏమీ లేవు, తిన్న గంటకే మళ్లీ ఆకలి. అవి మానేసి, ఆ డబ్బా అప్పుడు తెరవండి. చాయ్ ఉంచుకోండి, చక్కెర సగం చేయించుకోండి. ఉదయం లేవగానే తినే బాదం, అక్రోట్లు ఆపేయండి. అరగంటలో టిఫిన్ తినబోతున్నప్పుడు అవి ఏ ఆకలినీ తీర్చడం లేదు. ఉదయాన్నే తింటేనే మెదడుకు మంచిదనే మాటను పట్టించుకోకండి, బాదానికి గడియారం తెలియదు. మీకు ఆకలి మీద అదుపు తప్పే వేళ ఏదో అదే నట్స్ తినాల్సిన వేళ. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, వంట అయ్యేలోపు దొరికిందల్లా తినే అలవాటుంటే, డబ్బాలో సగం ఆఫీసు నుంచి బయల్దేరే ముందు తినండి.

రెండో మార్పిడి నూనెతో. మీ ఇంట్లో నలుగురికి నెలకు ఎన్ని లీటర్ల నూనె పడుతుందో చూడండి. అయిదు లీటర్లైతే మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు. దాన్ని మూడు లీటర్లకు తెస్తే 205. మిగిలిన 135 కేలరీలూ మీ నట్స్ డబ్బాకి సరిగ్గా సరిపోతాయి. కూరలో కరిగిపోయి కనిపించని కొవ్వు స్థానంలో నమిలితే కడుపు నింపే కొవ్వు వచ్చినట్టు. ఇంటిల్లిపాదికీ లాభమే కాబట్టి అత్తగారు కూడా దీనికి ఒప్పుకుంటారు. సీసాలోంచి వంపకుండా చెంచాతో కొలిచి పోయడం ఒక్కటి అలవాటు చేసుకుంటే రెండో నెలకల్లా ఆ తేడా సరుకుల బిల్లులోనే కనిపిస్తుంది.

మీ ఆఫీసు మిక్స్ సంగతి. మన దగ్గర డ్రై ఫ్రూట్స్ అనే ఒక్క మాటలో బాదం, కిస్‌మిస్, ఖర్జూరం, అంజీర్ అన్నీ కలిపేస్తాం. బేగంబజార్‌లో అన్నీ ఒకే దుకాణంలో, పక్కపక్క గోతాల్లో ఉంటాయి కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తుంది. కానీ కిస్‌మిస్ అంటే నీరు తీసేసిన ద్రాక్ష, వంద గ్రాముల్లో అరవై గ్రాముల దాకా చక్కెరే. ఖర్జూరం పెద్ద రకం ఒక్కటి 65 కేలరీలు. వాటికి విడిగా చోటుంది, కానీ నట్స్‌తో కలిపితే తీపి, ఉప్పు, కరకర అన్నీ ఒకే చోట చేరి చెయ్యి ఆగదు. పైన తేనె పూత, పెరిపెరి మసాలా, చీజ్ పొడి చల్లినవి ఇంకా ఘోరం. పంచదార వెయ్యలేదని చెప్పి అమ్మే డ్రై ఫ్రూట్ లడ్డూ కూడా ఖర్జూరం, నట్స్, నెయ్యి కలిపి కుదించిందే, ముప్పై గ్రాముల లడ్డూ ఒక్కటి మీ రోజు కోటాను మింగేస్తుంది. పల్లీపట్టిలో బెల్లం వాటా ఎంతుందో తిన్నవాళ్లందరికీ తెలుసు.

ఉప్పు వేసినవి ఎందుకు వద్దంటానంటే బీపీ ఒక్కటే కారణం కాదు. సాయంత్రం ఉప్పు జీడిపప్పు తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి ముల్లు కొంచెం పైకి చూపించొచ్చు. అది చూసి లావెక్కానని దిగులు పడి భోజనం మానేస్తారు, రాత్రికి ఆకలి తట్టుకోలేక రెండింతలు తింటారు. ఇంట్లో వేయించుకోండి. మందపాటి మూకుడులో, చిన్న మంట మీద, నూనె లేకుండా, పల్లీలైతే పది నిమిషాలు కలుపుతూ. పొట్టు చిట్లి మచ్చలు పడగానే దించేయాలి, మూకుడు వేడికే ఇంకా వేగుతాయి. ఉప్పు కావాలంటే దించాక ఉప్పునీళ్లు కొద్దిగా చిలకరిస్తే నాలిక్కి తెలిసేంత పడుతుంది.

ప్రోటీన్ కోసం నట్స్ తింటున్నానని కూడా రాశారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇరవై మూడు బాదం గింజల్లో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంది, దాంతో పాటు 165 కేలరీలు. ఒక కోడిగుడ్డులోనూ ఆరు గ్రాములే, 75 కేలరీల లోపు. నట్స్ కొవ్వు పదార్థాలు, వాటిలో కొంత ప్రోటీన్ ఉంది, అంతే. ప్రోటీన్ మీకు గుడ్లు, చికెన్, చేప, పెరుగు, పప్పు, శనగల నుంచి రావాలి. బడ్జెట్ చూసుకుంటే పుట్నాలు గొప్పవి. వంద గ్రాములకు 370 కేలరీలు, ఇరవై గ్రాముల ప్రోటీన్, కొవ్వు చాలా తక్కువ. ఎక్కువసేపు నములుతూ కూర్చోవాలనిపించే రోజు పది గ్రాముల పల్లీలు, ఇరవై గ్రాముల పుట్నాలు కలిపి తినండి, 130 కేలరీలకే పెద్ద గుప్పెడు వస్తుంది. ఖరీదైన బాదం కొనలేకపోతే బరువు తగ్గడంలో వెనకబడతామనే బెంగ ఎవరికీ అక్కర్లేదు. పల్లీ పప్పుధాన్యాల జాతిది, ధర బాదంలో చిన్న భాగం, ప్రోటీన్ బాదం కంటే ఎక్కువ, వంద గ్రాములకు 25 గ్రాములు. అక్రోట్‌లో ఉండే ఒమేగా 3 మాత్రం పల్లీలో లేదు. దాని కోసం ఒక చెంచా అవిసె గింజల పొడి మజ్జిగలో కలుపుకుంటే సరిపోతుంది. అవిసె గింజలను మాత్రం నూరాల్సిందే, గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది.

కొనడం, దాచడం గురించి కొంచెం. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు నట్స్‌లోని నూనె తొందరగా చెడుతుంది. ముందు చెడేది అక్రోట్, తర్వాత ముక్కలుగా అమ్మే జీడిపప్పు. చవక కదా అని ముక్కలు కిలో తెచ్చుకుంటే గాలి తగిలే భాగం ఎక్కువై, నెలలోపే పాత నూనె వాసన కొడుతుంది. పావుకిలోకి మించి కొనకండి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. కొనే ముందు దుకాణంలో ఒక గింజ విరిచి వాసన చూడండి, నోట్లో వేసుకున్నాక గొంతులో చేదు మిగిలితే ఆ గోతం వదిలేయండి.

పల్లీల్లో ఇంకా జాగ్రత్త కావాలి. తడి తగిలిన పల్లీకి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి హాని చేస్తుంది. మన పక్కనే పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వేరుశెనగలో ఈ సమస్య మీద ఏళ్లుగా పనిచేస్తోంది. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పచ్చగానో నల్లగానో పొడి అంటినవి ఏరి పారేయండి. చేటలో పోసి ఏరడం మన అమ్మమ్మలు చేసిన పనే, ప్యాకెట్లు వచ్చాక మానేశాం.

కడుపుబ్బరంగా ఉంటోందని కూడా రాశారు, ఒక్కసారిగా వంద గ్రాములు మొదలుపెట్టినందుకే వచ్చి ఉంటుంది. వారం రోజులు పది గ్రాములే తిని, తర్వాత ఇరవైకి వెళ్లండి, నీళ్లు తగినన్ని తాగండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే బాదం, జీడిపప్పు, పల్లీల్లో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ కాబట్టి డాక్టర్‌ని అడగకుండా ఈ పాళ్లు వాళ్లకి ఇవ్వొద్దు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు పొటాషియం, ఫాస్ఫరస్ సమస్య ఉంటుంది, వాళ్ల లెక్కే వేరు. ఏ నట్ తిన్నా పెదవులు దురద పెట్టడం, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అది అలర్జీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకండి, ఊపిరితిత్తుల దారిలో పడతాయి. ఈ మధ్య ఫ్యాషన్‌గా తింటున్న బ్రెజిల్ నట్స్ రోజుకు ఒకటి, మహా అయితే రెండు. అందులో సెలీనియం అనే ఖనిజం అంత ఎక్కువ, రోజూ గుప్పెడు తింటే విషమే.

ఇప్పుడు మూడు వారాలు ఇలా చేయండి. 23 గ్రాముల డబ్బా (చట్నీ ఉన్న రోజు అందులో పది గ్రాములే), మార్చిన చట్నీ, బిస్కెట్లు బంద్, నడక అదే నలభై నిమిషాలు. బరువు రోజూ ఉదయం బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఒకే త్రాసు మీద చూసి రాసుకోండి. ఒక్క రోజు అంకెను నమ్మకండి, ఏడు రోజులది కూడి ఏడుతో భాగించండి. మొదటి వారం సగటును మూడో వారం సగటుతో పోల్చండి. నెలసరికి ముందు వారంలో నీరు పడుతుంది కాబట్టి ఆ వారం వస్తే నాలుగో వారం దాకా ఆగండి. టేపుతో నడుము కూడా కొలవండి, బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక. 700 గ్రాములో కిలోనో తగ్గితే దారిలో పడ్డట్టే. తగ్గకపోతే నట్స్‌ని పదికో సున్నాకో దించకండి, ముందు శనివారం రాత్రి బయటి తిండినీ, కొలవని నూనెనీ చూడండి. రోజుకు 140 కేలరీల డబ్బా కంటే వారానికోసారి తినే బిర్యానీలో దాగింది ఎక్కువ.

చివరగా ఇంకో సంగతి, మీరు చిన్న విషయంలా రాసి వదిలేశారు కానీ నాకు అదే ముఖ్యం అనిపించింది. థైరాయిడ్ మాత్రతో పాటే బాదం, అక్రోట్లు తింటున్నానన్నారు. అలా చేయకూడదు. ఆ మాత్ర ఖాళీ కడుపున, ఉత్త నీళ్లతో వేసుకోవాలి, తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. అక్రోట్లు, పీచు ఎక్కువగా ఉన్న తిండి ఆ మందును పేగుల్లోనే పట్టేసి ఒంటికి సరిగా అందనివ్వవు. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం కావాలి. ఆరు వారాలుగా మీరు వేసుకున్న డోసు పూర్తిగా అంది ఉండకపోవచ్చు, బరువు ఆగడంలో దాని వాటా కొంత ఉన్నా ఉండొచ్చు. రేపట్నుంచే వేళ మార్చండి, డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. వేళ మార్చిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. అంతకు ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు.